అప్పగించి వెళ్ళినవారు
(పర్లాకిమిడిలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

పాత జీవితాన్ని విడిచి కొత్త జీవితం మొదలుపెట్టడం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. పర్లాకిమిడిలో ఈ విషయం ఎత్తుకున్నవారెవరైనా 1936 ఏప్రిల్ 1వ తేదీ దగ్గర కాసేపు ఆగక తప్పదు. ఆ రోజు ఈ ఊళ్ళో ఎవరూ మూట కట్టలేదు, ఎవరూ బండి ఎక్కలేదు. అయినా మద్రాసు ప్రెసిడెన్సీలో నిద్రపోయినవారంతా తెల్లవారేసరికి ఒడిశా రాష్ట్రంలో లేచారు. బరంపురమూ, జయపురం సంస్థానమూ మనతోపాటే ఈ రాష్ట్రంలో చేరాయి. పాతపట్నం, టెక్కలి అవతల ఉండిపోయాయి. మనిషి తన జీవితాన్ని తాను మార్చుకోవడం ఒకటి, మనిషి ఉన్నచోటే ఉండగా జీవితం మారిపోవడం మరొకటి. మన సరిహద్దు జిల్లాల వారికి ఈ రెండూ అనుభవమే కనుక, ఈ అంశం మీద వేదాంతం చెప్పడానికి నేను సాహసించను. మన చుట్టుపక్కల జరిగినవాటిని పట్టుకునే మాట్లాడతాను.

నేను చెప్పదలచుకున్నది ఇది. పాత జీవితం మరచిపోతే పోదు, దూరం వెళ్ళినా పోదు. అందులో మన చేతి మీదుగా సాగిన పనిని, మనం మోసిన బాధ్యతను, మన దగ్గరున్న తాళం చెవిని మరొకరి చేతిలో పెట్టినప్పుడే అది మనల్ని వదులుతుంది. ఎవరికీ అప్పగించకుండా వచ్చేసినవాడు ఎన్నాళ్ళయినా సగం అక్కడే ఉంటాడు.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. పెళ్ళిలో అప్పగింతలు చూడండి. తలంబ్రాలప్పుడు నవ్వులాడుకున్న వాళ్ళే ఆ ఘట్టం రాగానే కళ్ళు తుడుచుకుంటారు. అమ్మాయి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో, ఆడపడుచుల చేతుల్లో, మరుదుల చేతుల్లో వరసగా పెడతారు. ఆ పిల్ల ఇక ఎవరి పూచీలో ఉంటుందో పదిమంది ఎదుట తేలిపోతుంది, ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ సాక్ష్యం ఉంటుంది. అక్కడితో పుట్టింటి తలుపు మూసుకుపోదు. సారె ఉంది, ఆషాఢం ఉంది, తొలి కాన్పు ఉంది. (ఆడపిల్లను ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మార్చే వస్తువుగా చూశారన్న విమర్శ సరైనదే, మగపిల్లవాడికి ఇలాంటి తంతు ఒక్కటీ లేకపోవడం వల్లనే కాబోలు, చాలామంది మగవాళ్ళు పెళ్ళయి ఇరవై ఏళ్ళయినా అమ్మ వంటింట్లోంచి బయటికి రారు.)

బరంపురం ఠాకురాణి యాత్రలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. రెండేళ్ళకొకసారి, చైత్ర మాసంలో, బూఢీ ఠాకురాణి తన గుడి విడిచి దేశిబెహరా వీధికి, తండ్రి ఇంటికి వస్తుంది. ఆ తండ్రి ఇల్లు దేరా వారిది, అంటే మన దేవాంగుల నేతగాళ్ళది. రాజమహేంద్రవరం వైపు నుంచి మహురి రాజు పిలిపిస్తే వారి పూర్వులు మగ్గాలతో ఇక్కడికి వచ్చారని చెప్పుకుంటారు. పరాయి ప్రాంతం వచ్చి స్థిరపడిన నేతగాళ్ళు ఆ ఊరి దేవతకే పుట్టింటివారయ్యారు. బరంపురం పట్టు ఒడిశా పట్టుగా పేరు పొందింది. దాన్ని నేసినవారిలో చాలామంది ఇళ్ళల్లో తెలుగు మాట్లాడారు. ఇంత పూర్తిగా కొత్త నేలను సొంతం చేసుకున్నవారిని నేను వేరేచోట చూడలేదు.

ఇక సన్న్యాసం సంగతి. ఇల్లు విడిచి వెళ్ళేవాడు తనకున్నదంతా పంచిపెట్టాలి, పితృదేవతలతోపాటు తనకు తాను కూడా శ్రాద్ధం పెట్టుకోవాలి, శిఖనూ యజ్ఞోపవీతాన్నీ విసర్జించాలి, ఆ మీదట పాత పేరుతో ఎవరూ పిలవరు. తన వల్ల ఏ ప్రాణికీ భయం లేదని మాట ఇవ్వాలి. ఈ చివరిది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. కొత్త జీవితం మొదలుపెట్టేవాడు ముందుగా తన పాత జీవితం వల్ల భయపడినవాళ్ళకు జవాబుదారీ కావాలి.

దీనికి మన జిల్లాల్లోనే రాతి మీద చెక్కిన సాక్ష్యం ఉంది. గంజాం జిల్లాలో పురుషోత్తంపూర్‌కు దగ్గరగా, ఋషికుల్య ఒడ్డున, జౌగడలో అశోకుడి శాసనాలున్నాయి. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, ఆ తరువాత తనకు పశ్చాత్తాపం కలిగిందని అశోకుడు చెప్పుకున్నది పదమూడవ శిలాశాసనంలో. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఆ శాసనం ఉంది, వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఉంది. కళింగంలోని ధౌళిలో లేదు, జౌగడలో లేదు. ఎవరి నేలను గెలిచాడో వారి ముందు మాత్రం తన దుఃఖం గురించి రాజు ఒక్క మాట చెక్కించలేదు. పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలను తీసేసి, వాటి స్థానంలో రెండు ప్రత్యేక శాసనాలు పెట్టించాడు. గాయాన్ని మళ్ళీ రేపడం ఇష్టం లేక అలా చేసి ఉంటాడని చరిత్రకారులు ఊహిస్తారు.

ఆ ప్రత్యేక శాసనాలు ప్రజలతో కన్నా అధికారులతో ఎక్కువగా మాట్లాడతాయి. మనుషులందరూ నా బిడ్డలని చెప్పి, కారణం లేకుండా ఎవరినీ బంధించవద్దని, హింసించవద్దని, అసూయ, తొందరపాటు, బద్ధకం, అలసట మీ పనిలోకి రానివ్వవద్దని మహామాత్రులను ఆదేశిస్తాడు. ఇంకా లొంగని సరిహద్దు ప్రజలు రాజు మమ్మల్ని ఏం చేస్తాడోనని భయపడుతుంటారు కనుక, నా వల్ల వారికి దుఃఖం కలగదని వారికి నమ్మకం కలిగించండని చెబుతాడు. ఈ శాసనాన్ని తిష్య, అంటే పుష్యమి, నక్షత్రం రోజుల్లో చదివి వినిపించాలని కూడా ఆజ్ఞ ఉంది. నేను మారిపోయాను అని బాధితుల ముందు ప్రకటించుకోవడం కంటే, తన మార్పును రేపు ఎవరు, ఏ పద్ధతిలో అమలు చేయాలో పురమాయించి వెళ్ళడం మేలైన పని. అలాగని అశోకుణ్ణి నెత్తిన పెట్టుకోనక్కరలేదు. చెరపట్టిన లక్షన్నర మందిని వెనక్కి పంపానని ఎక్కడా చెప్పలేదు, కళింగాన్ని తిరిగి ఇవ్వలేదు, పశ్చాత్తాపం చెప్పిన శాసనంలోనే అడవి జాతుల వారిని తన బలం గుర్తుంచుకోమని హెచ్చరించాడు. పాత జీవితంలో తనకు లాభించినదాన్ని మాత్రం అట్టే పెట్టుకుని మిగిలినదాన్ని విడిచిపెట్టడం రాజులకే చెందిన లక్షణం కాదని మనకందరికీ తెలుసు.

ఇప్పుడు మన ఊరి మనిషి దగ్గరకు వస్తాను. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, 1880లో ఈ ఊళ్ళో ఉపాధ్యాయుడిగా చేరారు. 1911లో ఉద్యోగ విరమణ చేశారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం తెలుగు దేశమంతటికీ తెలుసు, ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ కొండల్లోని గిరిజనులైన సవరల కోసం ఆయన చేసిన పని మాత్రం మన కొండల చుట్టుపక్కల వాళ్ళకే కొంచెం తెలుసు. ఆయన సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడులు పెట్టారు, ఇంట్లో అన్నం పెట్టి చదివించారు, ఆ భాషకు పాఠ్యపుస్తకాలు, వ్యాకరణం, నిఘంటువులు తయారు చేశారు.

అటువంటి మనిషి, యాభై ఆరేళ్ళు ఈ ఊళ్ళో బతికిన మనిషి, డెబ్బై రెండేళ్ళ వయసులో, పర్లాకిమిడి ఒడిశాలో చేరిన వెంటనే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఈ ఊరు ఒడిశాలో ఉండాలని పట్టుపట్టి సాధించిన కృష్ణచంద్ర గజపతి మహారాజా మరుసటి ఏడాది ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా పిలిచేవారు) అయ్యారు. ఒకే ఊరి ఇద్దరు పెద్దమనుషులకు ఒకే తేదీ అలా రెండు రకాలుగా పరిణమించింది. పంతులుగారు వెళ్ళిపోవడం సరైనదా అంటే, నా మట్టుకు నేను పూర్తిగా ఒప్పుకోలేను. ఉండిపోయిన తెలుగువారు, ఒడియా నేర్చుకుని, పిల్లలను ఒడియా బడులకు పంపి, ఇంట్లో తెలుగు నిలుపుకున్నవారు, వారు చేసినదీ తక్కువ పని కాదు. కానీ ఆయన వెళ్ళిన తీరులో నేర్చుకోవలసింది ఉంది. ఆయన విడిచి వెళ్ళినది ఇంటిని మాత్రమే కాదు. సవరలు ఈ కొండల్లోనే ఉన్నారు, గోదావరి ఒడ్డున లేరు. జీవితంలో సగం ధారపోసిన పని ఎవరి మధ్య సాగిందో ఆ మనుషులే వెనక ఉండిపోయారు. అయితే 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం అచ్చయి ఉంది, వెళ్ళిన రెండేళ్ళకు, 1938లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. 1940 జనవరిలో కన్నుమూసేనాటికి తనకు తెలిసిన సవర భాష ఒక్క తన బుర్రలోనే లేకుండా చూసుకున్నారు. కోపంతో వెళ్ళినవాడు కూడా చేతిలో పనిని అంత శుభ్రంగా అప్పగించి వెళ్ళవచ్చు.

సవరల దగ్గరే ఇంకో సంగతి ఉంది. చనిపోయినవారిని వారు వెంటనే సాగనంపేవారు కాదు. దేవర ఎక్కిన మనిషి నోట చనిపోయినవారు మాట్లాడతారు, బంధువులు బదులు చెబుతారు, నిలదీస్తారు, ఏడుస్తారు, నవ్వుతారు. ఎందుకు పోయావు, మందు తాగమంటే ఎందుకు వినలేదు, ఆ పొలం ఎవరికి ఇచ్చావు అని అడుగుతారు. ఈ సంభాషణ ఏళ్ళ తరబడి సాగుతుంది. మధ్యలో గుఆర్ అనే కర్మలో రాయి నిలబెడతారు. మొదట ఆ చనిపోయినవాడు బతికున్నవారికి తన జబ్బే అంటించే ప్రమాదకరమైన ఆత్మ, పోనుపోను ఇంటిని కాచే పితరుడు అవుతాడు, అతని పేరు ఇంట్లో పుట్టిన బిడ్డకు వస్తుంది. చివరికి కింది లోకంలోనూ మరణించి సీతాకోకచిలుక అవుతాడట. మన పదో రోజు, పన్నెండో రోజు కర్మలు ఏళ్ళ పనిని రోజుల్లో ముగించే ప్రయత్నం చేస్తాయి. మాసికాలు, తద్దినాలు ఉన్నాయి కనుక సరిపోయింది. భార్య పోయిన మనిషిని మూడు నెలలకే నీ పనిలో నువ్వు పడు అని తొందరపెట్టే బంధువులకు ఈ సవర పద్ధతి తెలిస్తే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను. అయితే ఇప్పటి సవర యువతలో ఎక్కువమంది క్రైస్తవులయ్యారు, చనిపోయినవారితో మాట్లాడటం మానేశారు. తాత ముత్తాతలను సాగనంపే పద్ధతినే సాగనంపేశారన్న మాట. అది వారి ఇష్టం, వారి హక్కు. దాన్ని చూసి బయటివాళ్ళం మనం కన్నీళ్ళు కార్చడంలో అర్థం లేదు.

ఇక్కడ ఒక హద్దు గీసుకోవాలి. విడిచిపెట్టడం అనే మాట, లాక్కోబడినవారి దగ్గర వాడకూడదు. కొరాపుట్ కొండల్లో మాచ్‌ఖండ్ విద్యుత్ ప్రాజెక్టు కోసం జలాపుట్ దగ్గర నీళ్ళు నిలిపినప్పుడు ఊళ్ళు మునిగాయి. 1955లో కరెంటు ఉత్పత్తి మొదలైంది, రెండు రాష్ట్రాలూ పంచుకున్నాయి. మునిగిన పొలాల వాళ్ళను పాత బతుకు మరచిపొమ్మని చెప్పడానికి ఎవరికి నోరు వస్తుంది? గోపాలపురం రేవులో ఓడలెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళిన మన వాళ్ళూ అంతే. 1942లో జపాను సైన్యం వస్తుంటే కొండల మీదుగా నడిచి వచ్చారు, 1960లలో నే విన్ ప్రభుత్వం వ్యాపారాలు స్వాధీనం చేసుకుంటే మిగిలినవాళ్ళూ వచ్చేశారు. వాళ్ళు అప్పగించడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. అటువంటి వారికి చేయవలసింది పరిహారం, పట్టా, ఉండటానికి చోటు. వీటి స్థానంలో ఓదార్పు మాటలు చెప్పేవారిని నమ్మకండి. నేను ఇప్పుడు చెబుతున్నది, వదిలే అవకాశం చేతిలో ఉండి కూడా వదలలేని మనలాంటి వారి గురించే.

జేకేపూర్ కాగితం మిల్లులోనో, సునాబెడ కర్మాగారంలోనో, రైల్వేలోనో, బడిలోనో ముప్పై ఏళ్ళకు పైగా పని చేసి దిగిపోయినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. దిగిపోయే రోజున దండ వేస్తారు, శాలువా కప్పుతారు, గడియారమో వెండి గ్లాసో ఇస్తారు, ఛార్జి ఇచ్చేసినట్టు కాగితం మీద సంతకం పెడతారు. ఆ కాగితంలో బీరువాలు, రిజిస్టర్లు, తాళం చెవులు ఉంటాయి. ఏ మోటారు వానాకాలంలో మొరాయిస్తుందో, ఏ సరఫరాదారు బిల్లు రెండుసార్లు పెడతాడో, ఏ పిల్లవాడు ఆకలితో బడికి వస్తున్నాడో ఆ కాగితంలో ఉండదు. అవి మనం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? మరచిపోయి కొందరు చెప్పరు, అడగలేదని కొందరు చెప్పరు. నిజం చెప్పాలంటే, ఆ ఒక్కటీ మన దగ్గరుంటే రేపు ఫోను చేస్తారన్న ఆశతో చాలామంది చెప్పరు. ఆ ఫోను మొదటి నెలలో వస్తుంది, ఆరో నెలలో రాదు. వాళ్ళ దారి వాళ్ళు వెతుక్కుంటారు. అప్పుడు మనకు అవమానం అనిపిస్తుంది, ఈ కాలం కుర్రవాళ్ళకు కృతజ్ఞత లేదని గేటు ముందర టీ కొట్టులో కూర్చుని అంటాం. తనకు తెలిసిందంతా రాసిచ్చి, కొత్తగా వచ్చినవాడిని వెంట తిప్పుకుని, ఇక నన్ను అడగకుండా నడపగలవు అని చెప్పి వచ్చినవాడికి ఆ టీ కొట్టు అవసరం ఉండదు. ఉన్నా, టీ కోసమే వెళ్తాడు.

ఇంట్లోనూ ఇదే కథ. బీరువా తాళాలు అత్తగారి కొంగున, బ్యాంకు పుస్తకం మామగారి దిండు కింద ఉండగా, కోడలికి బాధ్యత తెలియదని ఇద్దరూ ఫిర్యాదు చేస్తారు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేవి మన వీధుల్లో తాళం వేసి ఉన్న ఇళ్ళు. పిల్లలు విశాఖపట్నంలోనో, హైదరాబాదులోనో, బెంగళూరులోనో స్థిరపడతారు. తల్లిదండ్రులు ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఇక్కడ ఉండి, ఆ తరువాత వాళ్ళ దగ్గరకు వెళ్తారు. ఇల్లు అమ్మరు, అద్దెకివ్వరు, సంక్రాంతికి వస్తామని తాళం వేస్తారు. మొదటి సంక్రాంతికి వస్తారు. నాలుగో ఏడు పైకప్పు కారుతుంది, తులసికోట ఎండుతుంది, వెనక గోడ పక్కవాడి వైపు ఒరుగుతుంది. భూమి రికార్డు ఇంకా తాతగారి పేరునే ఉంటుంది, వారసులు నలుగురో ఐదుగురో ఉంటారు, మ్యుటేషన్ చేయించడానికి అందరూ ఒకసారి రావాలి, అందరికీ ఒకేసారి సెలవు దొరకదు. పైగా ఆ రికార్డు ఒడియాలో ఉంటుంది, నగరంలో పెరిగిన మనవలకు అది చదవడం రాదు. ఆ తల్లిదండ్రులు ఇక్కడి బతుకూ వదలలేదు, అక్కడి బతుకులోనూ చేరలేదు. పదో అంతస్తు వసారాలో కూర్చుని వాన పడితే చాలు, ఇక్కడి పెంకులు తలచుకుంటారు. ఇటువంటివారికి నేను చెప్పేది వివాదాస్పదమే అయినా చెబుతాను. ఓపిక ఉండగానే కూర్చుని పంపకాలు రాయండి. పత్రాలు మీ పేరుకు, ఆ మీదట పిల్లల పేరుకు మార్పించండి. ఇల్లు ఎవరైనా కాపురముండే చేతుల్లో పెట్టండి, అద్దెకు గాని, అమ్మకానికి గాని, చుట్టాల్లో ఇల్లు లేనివారికి గాని. దేవుడి పటాలు, తాతగారి ఉత్తరాలు, పెళ్ళి పత్రికలు ఎవరికి చెందాలో విడివిడిగా చెప్పండి. ఎవరూ వద్దన్న వస్తువులు ఉంటాయి. వాటి గురించి బాధపడండి, కానీ వాటి కోసం తాళం వేసి ఉంచకండి.

చివరిగా, మన భాష సంగతి. మన పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతున్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆ తెలుగును ఫోన్లో ఒడియా అక్షరాలతో కొందరు, ఇంగ్లీషు అక్షరాలతో కొందరు రాసుకుంటున్నారు. పెద్దలకు ఇది కంట్లో నలుసుగా ఉంది; లిపి రానివాడు తెలుగువాడేమిటని ఈ హాల్లోనే అన్నవారున్నారు. లిపి మీద ప్రేమ నాకూ తక్కువ లేదు. కానీ గిడుగువారు సవర భాషను పట్టుకున్నప్పుడు ఆ భాషకు తనదైన లిపి లేదు, వేరే అక్షరాల్లోనే దాన్ని నిలబెట్టారు. ఆయన ఊరు విడిచిన 1936లోనే, గుణుపురం వైపు, మంగై గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొంత లిపి సృష్టించారు. అది సొరంగ్ సొంపెంగ్ పేరుతో నేటికీ ఉంది. భాష నోళ్ళలో బతికి ఉంది కనుకనే తరువాత ఒకరికి దానికి లిపి చేయాలన్న ఆలోచన వచ్చింది. మన పిల్లల నోట్లో తెలుగు ఉంటే చాలు, అక్షరాలు వారు కావాలనుకున్న రోజున నేర్చుకుంటారు, మనం తిడితే మాత్రం నేర్చుకోరు.

అందుచేత కార్యవర్గానికి నా విన్నపం ఒకటి ఉంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి పదవిని, పుస్తకాల బీరువా తాళాలను, బ్యాంకు ఖాతా సంతకాన్ని ముప్పై ఏళ్ళ లోపు వారికి అప్పగించండి. మినిట్స్ పుస్తకంలో తెలుగును ఒడియా అక్షరాల్లో రాస్తామంటే రాయనివ్వండి. ఉగాది కార్యక్రమంలో పద్యాలు ఉండాలా, దండ నృత్యం ఉండాలా, రెండూ ఉండాలా అన్నది వారే తేల్చుకుంటారు. మనం ముందు వరసలో కూర్చుందాం, పిలిస్తే వేదిక ఎక్కుదాం. దీని మీద మీలో చాలామందికి అభ్యంతరాలు ఉంటాయని నాకు తెలుసు. అవి వినడానికి ఇంకో అరగంట సమయం ఉంది కనుక, నేను ఇక్కడితో ఆపుతాను.